దురద ఆపమంటే నిద్రపుచ్చిన సిరప్

యీషున్‌లో పుప్పొడి కాలమంటూ ఒకటి లేదు. లండన్‌లోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్లకి వసంతం వస్తే తుమ్ములు మొదలవుతాయి, వేసవి దాటితే తగ్గుతాయి. సింగపూర్ ఉత్తరపు కొసన ఉన్న ఈ పేటలో పిల్లల ముక్కులు పన్నెండు నెలలూ కారుతూనే ఉంటాయి. భూమధ్యరేఖ ఇక్కడికి నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. గాలిలో తేమ ఏడాది సగటున 80 శాతం దాటే ఉంటుంది. ఆ తేమ మీదే బతికే ప్రాణి ఒకటి మన పరుపుల్లో, దిండ్లలో, సోఫా మూలల్లో కాపురముంటుంది. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటుంది. మనం రాల్చే చర్మపు పొట్టే దాని తిండి. డాక్టర్లు దీన్ని డస్ట్ మైట్ అంటారు. దాని విసర్జనలోని ప్రొటీన్లు దుమ్ముతో కలిసి లేచి పిల్లల ముక్కులోకి పోతాయి. తెల్లవారుజామున లేవగానే వరసపెట్టి వచ్చే తుమ్ములకి సాధారణంగా కారణం ఇదే.

ఇంటి దుమ్ములో అలర్జీ తెప్పిస్తున్నది ఈ ప్రాణేనని 1960ల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫోర్‌హార్స్ట్, స్పీక్స్మా అనే ఇద్దరు పట్టుకున్నారు. వాళ్లు చూసింది చలిదేశపు జాతిని. సింగపూర్ ఇళ్లలో దానికి తోడు బ్లోమియా ట్రాపికాలిస్ అనే ఉష్ణమండలపు చుట్టం ఉంది, దాందే ఇక్కడ పైచెయ్యి.

యీషున్ అన్నది లిమ్ నీ సూన్ అనే వ్యాపారి పేరుకి మాండరిన్ పలుకుబడి. ఆయన రబ్బరు, అనాస తోటలున్న ప్రాంతంలోనే తర్వాత ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఇళ్ల బ్లాకులు లేచాయి. 1988లో మెట్రో వచ్చింది, 1992లో నార్త్‌పాయింట్ మాల్ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఫార్మసీకి వెళ్లి మూడేళ్ల పిల్లవాడి ముక్కుకి మందు అడిగితే ఓ చిన్న సీసా చేతికొస్తుంది. రంగు లేని ద్రవం, తియ్యన, కాస్త పండు వాసన, పెట్టెలో సూదిలేని సిరంజి. ప్రపంచంలో ఇంత మామూలు వస్తువు ఇంకోటి లేనట్టు ఉంటుంది. దాని వెనక ఊపిరాడని గినీ పిగ్‌లు, ట్రామెక్కితే కడుపులో తిప్పే ఒక గర్భిణి, లయ తప్పిన గుండెలు ఉన్నాయి. ఎనభై ఏళ్ల పైబడిన పెనుగులాట ఉంది. ఆ పెనుగులాటంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: దురద ఆపే మందు నిద్ర తేకుండా ఉండగలదా?

కథ హిస్టమిన్‌తో మొదలవుతుంది. దీన్ని 1907లో జర్మనీలో విండౌస్, వోగ్ట్ అనే రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. అది మన ఒంట్లో ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1910లో లండన్‌లో హెన్రీ డేల్, జార్జ్ బార్జర్ దాన్ని రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ అనే బూజులో కనుక్కున్నారు. జంతువులకి ఎక్కిస్తే రక్తపోటు పడిపోయింది, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయి. అలర్జీ ముదిరినప్పుడు కనిపించే లక్షణాలే ఇవి. 1927కి గానీ అది తాజా ఊపిరితిత్తుల్లో, కాలేయంలో సహజంగానే ఉంటుందని డేల్ బృందం తేల్చలేదు. అలర్జీ అనే పేరు మాత్రం అంతకు ముందే, 1906లో వియన్నాలో పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టాడు.

లోపల జరిగేది ఇది. చర్మం కింద, ముక్కు పొరల్లో, ఊపిరి గొట్టాల చుట్టూ మాస్ట్ కణాలుంటాయి. వాటి పొట్టలో హిస్టమిన్ రేణువులు నింపి ఉంటాయి. అలర్జీ ఉన్న పిల్లవాడి ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై ఆ కణాల మీద అతుక్కుని కూచుంటాయి. డస్ట్ మైట్ ప్రొటీన్ వచ్చి వాటికి తగలగానే కణం తన సరుకంతా బయటికి కక్కేస్తుంది. హిస్టమిన్ వెళ్లి నరాల మీద, రక్తనాళాల మీద ఉన్న హెచ్‌1 గ్రాహకాలని తాకుతుంది. నరం దురదని చెబుతుంది, రక్తనాళం నీరు కారుస్తుంది. చర్మం మీదైతే దద్దుర్లు, ముక్కులోనైతే తుమ్ములు, కళ్లలోనైతే ఎరుపు.

మందు ఏం చేస్తుంది? హిస్టమిన్‌ని ఏమీ చెయ్యదు, అది విడుదల కావడం ఆపదు. హెచ్‌1 గ్రాహకం ఎవరూ తాకకపోయినా కొంచెం కొంచెం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే తలుపులాంటిది. హిస్టమిన్ దాన్ని బార్లా తెరుస్తుంది. యాంటీహిస్టమిన్ అది మూసుకుని ఉన్నప్పుడు పట్టుకుని గడియ పెట్టేస్తుంది. 2011లో ఈ గ్రాహకం రూపాన్ని స్ఫటికంలో బంధించి అణువు అణువునా చూడగలిగారు, అందులో ఒక మందు బిళ్ల తాలూకు అణువు లోతుగా దూరి ఇరుక్కుని కనిపించింది. దీన్నిబట్టి ఇంట్లో పనికొచ్చే సంగతి ఒకటి తెలుస్తుంది. ఒకసారి తలుపు తెరుచుకుని లోపల పని జరిగిపోయాక మందు పోస్తే దాని ఫలితం తక్కువ. దురదకి, తుమ్ములకి, నీళ్లు కారడానికి పనిచేసినంతగా దిబ్బడ పట్టిన ముక్కుకి ఈ మందు పనిచెయ్యదు. ‘సిరప్ పోసినా ముక్కు వదలట్లేదు’ అని వాపోయే తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. వాచిపోయిన పొరని దించడం దాని పని కాదు.

1937. పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. ఎర్నెస్ట్ ఫూర్నో నడిపే ప్రయోగశాలలో డేనియల్ బోవే అనే ముప్ఫై ఏళ్ల స్విస్ యువకుడికి ఓ ఆలోచన వచ్చింది. ఒంట్లో అడ్రినలిన్ ఉంది, దానికి అడ్డుపడే రసాయనాలున్నాయి. అసిటైల్‌కోలీన్ ఉంది, దానికి అట్రోపిన్ విరుగుడుగా ఉంది. మరి హిస్టమిన్‌కి విరుగుడు ఎందుకు లేదు? డాక్టరేట్ చేస్తున్న ఆన్-మరీ స్టౌబ్‌తో కలిసి ఫూర్నో అలమరాల్లోని రసాయనాలని ఒక్కొక్కటే గినీ పిగ్‌ల మీద పరీక్షించడం మొదలుపెట్టాడు. గినీ పిగ్‌కి హిస్టమిన్ అంటే చావే. కొంచెం ఎక్కిస్తే ఊపిరి గొట్టాలు బిగుసుకుని నిమిషాల్లో పోతుంది. 929ఎఫ్ అనే రసాయనం ముందుగా ఎక్కించిన గినీ పిగ్‌లు మాత్రం చచ్చేంత మోతాదుని తట్టుకుని బతికాయి. మొదటి యాంటీహిస్టమిన్ అదే. మనుషులకి ఇవ్వలేనంత విషం కూడా. స్టౌబ్ దాని సోదర రసాయనాల మీద ఏళ్లు పనిచేసి, అణువులో ఏ ముక్క ఉంటే పని జరుగుతుందో తేల్చింది. 1957లో నోబెల్ ఒక్క బోవేకే వచ్చింది. ఆయన చేసిన పని ఇదొక్కటే కాదు, కండరాలు సడలించే మందులు కూడా ఉన్నాయి, నిజమే. అయినా ఆ 1937 వ్యాసం మీద రెండు పేర్లున్నాయి.

1942లో, ఫ్రాన్స్ జర్మన్ల చేతుల్లో ఉన్న రోజుల్లో, రోన్-పూలాంక్ కంపెనీలో బెర్నార్డ్ హాల్పెర్న్ మనుషులకి ఇవ్వగలిగిన మొదటి యాంటీహిస్టమిన్ ఆంటెర్గాన్‌ని తెచ్చాడు. అట్లాంటిక్ అవతల ఆ సంగతులు సరిగా అందకముందే 1943లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జార్జ్ రీవ్‌షుల్ కండరాల బిగువుని వదిలించే మందు కోసం వెతుకుతూ డైఫెన్‌హైడ్రమిన్‌ని చేశాడు. పార్క్-డేవిస్ కంపెనీ దాన్ని పరీక్షిస్తే హిస్టమిన్‌కి గట్టి విరుగుడని తేలింది. 1946లో బెనడ్రిల్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే ప్రోమెథజైన్ వచ్చింది, క్లోర్‌ఫెనిరమిన్ వచ్చింది. మన ఇళ్లలో ఫెనర్గాన్, పిరిటాన్, ఎవిల్ అని పిలుచుకున్న మందులన్నీ ఆ కాన్పులోవే.

ఈ మందులు వెళ్లిన చోటల్లా నిద్ర వెంటపడింది. దురద తగ్గేది, మనిషి జోగేవాడు. దీన్ని మొదట ఇబ్బంది అనుకున్నారు, తర్వాత బేరం అనుకున్నారు. 1947లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో దద్దుర్లకని డైఫెన్‌హైడ్రమిన్ రకం మందు తీసుకున్న ఓ గర్భిణి, ట్రామెక్కితే వచ్చే తిప్పుడు ఆగిపోయిందని డాక్టరుకి చెప్పింది. ఆ మాట పట్టుకుని అమెరికా సైన్యం మరుసటి ఏడాది అట్లాంటిక్ దాటుతున్న ఓడలో సైనికులకి ఆ మాత్రలిచ్చి చూసింది. డ్రామమిన్ అలా పుట్టింది. ఫ్రాన్స్‌లో నౌకాదళ సర్జన్ ఆన్రీ లాబోరీ, ప్రోమెథజైన్ ఇచ్చిన రోగులు ఆపరేషన్‌కి ముందు వింతగా నెమ్మదించడం గమనించాడు. ఆ దారిలో వెళితే క్లోర్‌ప్రొమజైన్ దొరికింది, 1952 నుంచి పిచ్చాసుపత్రుల ముఖం మారిపోయింది. ఇంకా చెప్పాలంటే, దిగులుకి వాడే ప్రోజాక్ అణువుకి కూడా డైఫెన్‌హైడ్రమినే మూలరూపం. ముక్కు కారడం ఆపుదామని బయల్దేరిన అణువులు మనసు మందులకి తాతలయ్యాయి.

ఎందుకు? మెదడు అడుగున హైపోథాలమస్‌లో కొన్ని వేల నాడీకణాల గుంపు ఒకటుంది. మనం మెలకువగా ఉన్నంతసేపూ ఆ కణాలు మెదడంతా హిస్టమిన్ వెదజల్లుతూ ఉంటాయి. ముక్కులో తుమ్ము తెప్పించే రసాయనమే మెదడులో కన్ను మూతపడకుండా కాస్తుంది. పాతతరం మందులు కొవ్వులో కరిగే చిన్న అణువులు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడని సులువుగా దాటుకుని వెళ్లి అక్కడి హెచ్‌1 గ్రాహకాలకి కూడా గడియ పెట్టేస్తాయి. జపాన్‌లోని సెందాయ్‌లో కజుహికో యానై బృందం పెట్ స్కాన్‌తో దీన్ని కళ్లకి కట్టింది. చిన్న మోతాదు క్లోర్‌ఫెనిరమిన్ చాలు, మెదడులోని గ్రాహకాల్లో దాదాపు సగం పట్టుబడిపోతాయి.

పిల్లలకి తియ్యటి ద్రవం పోసి నిద్రపుచ్చడం ఈ మందులతో మొదలైంది కాదు. 1849లో అమెరికాలో మొదలైన మిసెస్ విన్‌స్లోస్ సూతింగ్ సిరప్‌లో ఉన్నది మార్ఫిన్. పళ్లొచ్చే పిల్లల ఏడుపుకని తల్లులు పోసేవారు, కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. మన పల్లెల్లో కూలికి పోయే తల్లులు పసివాళ్ల నాలుకకి నల్లమందు రాసేవాళ్లన్న సంగతి పాతతరం వాళ్లకి కొత్తేమీ కాదు. దాన్ని క్రూరత్వం అనడం తేలిక. పొలంగట్టున చెట్టుకొమ్మకి ఉయ్యాల కట్టి నాట్లు వేసే మనిషికి వేరే దారి ఏముందో చెప్పడం కష్టం. యాంటీహిస్టమిన్ సిరప్ ఆ ఖాళీలోకి మర్యాదగా, డాక్టరు చీటీతో సహా వచ్చి కూచుంది.

యీషున్‌లో మనవణ్ణి చూడ్డానికని వచ్చిన అమ్మమ్మలున్న ఇళ్లలో ఈ సంభాషణ ఏదో ఒక రాత్రి జరగకుండా ఉండదు.

“అమ్మాయ్, ఇంకో రెండు చుక్కలు పొయ్యరాదూ? వాడూ పడుకుంటాడు, నువ్వూ కాస్త నడుం వాలుస్తావు.”

“డాక్టరు రెండున్నర అన్నాడమ్మా. అంతే.”

“మీకు పోసినప్పుడు మేం కొలిచామా ఏమన్నానా!”

కొలవలేదు. అప్పటి అదృష్టం అది. నిద్ర సంగతి చూస్తే, అది కూడా నమ్మకమైన బేరం కాదని 2006లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. 6 నుంచి 15 నెలల పసివాళ్లు, మొత్తం 44 మంది. సగంమందికి పడుకునే ముందు డైఫెన్‌హైడ్రమిన్, మిగతావాళ్లకి మందు లేని ఉత్త ద్రవం. రాత్రి లేవడంలో తేడా ఏమీ లేదని తేలి ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2004లో, దగ్గు పిల్లల మీద జరిగిన ఇంకో ప్రయోగంలోనూ ఇదే కథ: పిల్లలూ పడుకోలేదు, తల్లిదండ్రులూ పడుకోలేదు, ఉత్త ద్రవం పోసిన ఇళ్లకీ వీళ్లకీ తేడా లేదు. కొందరు పిల్లలకైతే ఈ మందు తిరగబడుతుంది, మగతకి బదులు అర్ధరాత్రి మంచం మీద గెంతుతారు. నిద్ర వచ్చినా అది మంచి నిద్ర కాదు. మర్నాడు బడిలో బుర్ర మందంగా ఉంటుంది.

రెండేళ్ల లోపు పిల్లల్లో ప్రోమెథజైన్ ఊపిరినే మందగింపజేసిన కేసులు పోగయ్యాక, 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ వయసుకి అది పూర్తిగా నిషిద్ధమని లేబుల్ మీద పెద్ద పెట్టెలో రాయించింది. 2008లో అక్కడి తయారీదార్లు తమంతట తామే జలుబు, దగ్గు సిరప్‌లని నాలుగేళ్ల లోపు పిల్లలకి వద్దని ముద్రించారు, పిల్లల్ని నిద్రపుచ్చడానికి వాడవద్దు అనే వాక్యాన్నీ చేర్చారు. ఆ వాక్యం రాయాల్సి వచ్చిందంటే ఇళ్లలో ఏం జరుగుతోందో కంపెనీలకి బాగా తెలుసన్నమాటే. మన దేశంలో 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణ సంస్థ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడరాదని రాయమంది.

ఇంతలో రసాయన శాస్త్రం తన దారిన ఆ నిద్రని విడదీసే పనిలో పడింది. మొదటి విజయం కూడా పొరపాటున వచ్చిందే. 1970ల్లో మనసుని నెమ్మదింపజేసే మందుగా తయారుచేసిన టెర్ఫెనడిన్ ఆ పనికి పనికిరాలేదు, మెదడులోకే వెళ్లలేదు మరి. హిస్టమిన్‌ని మాత్రం చక్కగా అడ్డుకుంది. 1985లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, నిద్రలేని అలర్జీ మందని జనం ఎగబడ్డారు. కొన్నేళ్లకి కొందరి గుండె లయ తప్పడం మొదలైంది. కాలేయం ఆ మందుని వెంటనే వేరే రూపంలోకి మార్చేస్తుంది. ఏ ఎరిత్రోమైసినో, బూజు తెగుళ్లకి వాడే కీటోకొనజోలో కలిసి తీసుకుంటే కాలేయం ఆ పని చెయ్యలేక మందు రక్తంలో మారకుండా పేరుకుపోతుంది, గుండె విద్యుత్తుని దెబ్బతీస్తుంది. 1990ల చివరికల్లా దాన్ని వెనక్కి తీసేసుకున్నారు. అయితే కాలేయం మార్చిన ఆ రెండో రూపమే అసలు పనిచేస్తున్న మందనీ, దానివల్ల గుండెకి ప్రమాదం లేదనీ తేలింది. అదే ఫెక్సోఫెనడిన్. 2006లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ దాని జెనెరిక్‌ని అమెరికాలో దించింది.

సెటిరిజిన్ కథ కూడా ఇలాంటిదే. బెల్జియం కంపెనీ యూసీబీ 1950ల్లో తెచ్చిన హైడ్రాక్సీజైన్ అనే గట్టి నిద్రమందు ఒంట్లోకి వెళ్లాక సెటిరిజిన్‌గా మారుతుంది. మారేటప్పుడు అణువుకి ఒక ఆమ్లపు తోక తగులుకుంటుంది, అంతే, మెదడు గోడ దగ్గర దానికి చుక్కెదురవుతుంది. గోడలోని పంపులు లోపలికి దూరినదాన్ని కూడా బయటికి తోడేస్తాయి. కంపెనీ ఆ మారిన రూపాన్నే విడిగా తయారుచేసి 1987లో బెల్జియంలో అమ్మడం మొదలుపెట్టింది. యానై బృందం పెట్ స్కాన్‌లలో ఇది పెద్దవాళ్ల మామూలు మోతాదులో మెదడు గ్రాహకాల్లో పదో వంతుకి కాస్త ఎక్కువే పట్టింది. ఫెక్సోఫెనడిన్ దాదాపు సున్నా. అంచేత సెటిరిజిన్‌కి మగత అసలు లేదనడం సరికాదు, కొందరు పిల్లలకి వస్తుంది. తగ్గింది, పోలేదు.

పిల్లల శరీరం దీన్ని పెద్దవాళ్లకంటే తొందరగా బయటికి పంపేస్తుంది. పెద్దవాళ్లలో సగం మందు పోవడానికి ఎనిమిది గంటలు పడితే, ఆరేళ్ల లోపు పిల్లల్లో ఐదు గంటలు చాలు. పెద్దవాళ్లకి రోజుకి ఒక మాత్ర అయినప్పుడు పిల్లలకి చాలా దేశాల లేబుళ్లు రెండు పూటలని రాయడానికి కారణం అదే. పిల్లవాడంటే చిన్న సైజు పెద్దమనిషి కాడు.

అణువు సంగతి ఇక్కడికి ఒక కొలిక్కి వచ్చింది. సీసా సంగతి ఇంకా రాలేదు. నన్నడిగితే పిల్లల మందుల్లో అసలు ప్రమాదమంతా అణువుకంటే ఆ అణువుని కలిపిన నీళ్లలో, ఆ నీళ్లని కొలిచే చేతిలో ఉంది.

సెటిరిజిన్ చేదు. చేదుని కప్పడానికి సార్బిటాల్, శాకరిన్ లాంటి తీపి పదార్థాలు వేస్తారు. మందు కరగడానికీ, చిక్కదనానికీ గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. తెరిచిన సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా పారాబెన్లు వేస్తారు. ఇక కొలత. మన అమ్మమ్మలు ఆముదం పోసిన ఉగ్గుగిన్నెకి కొలత లేదు. వంటింటి చెమ్చాకీ లేదు, ఒక ఇంటి చెమ్చా మూడు మిల్లీలీటర్లు పడితే పక్కింటిది ఏడు పడుతుంది. 2016లో అమెరికాలో రెండు వేల మంది పైచిలుకు తల్లిదండ్రులకి సీసా, కొలత పాత్ర ఇచ్చి మందు పొయ్యమన్నారు. వాళ్లలో 84 శాతం మంది కనీసం ఒక్కసారైనా తప్పు కొలిచారు. ఐదుగురిలో ఒకరు ఏదో ఒకసారి రెట్టింపుకి మించి పోశారు. మూత గిన్నెతో తప్పులు ఎక్కువ, సిరంజితో తక్కువ. పెట్టెలో వచ్చే ఆ ప్లాస్టిక్ సిరంజిని పారేసి ఇంటి చెమ్చా వెతుక్కునేవాళ్లని చూస్తే నాకు అందుకే చిరాకు.

ఇంకో చిక్కు. సెటిరిజిన్ ద్రవం రెండు రకాల్లో దొరుకుతుంది. సిరప్ అయితే మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము. చుక్కల మందు అయితే మిల్లీలీటరుకి 10. సీసాలు ఒకే పేరుతో, ఒకే రంగు పెట్టెలో ఉండొచ్చు. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలకి లేబుల్ మీద మామూలుగా కనిపించే 2.5 మిల్లీగ్రాముల మోతాదు సిరప్‌లో రెండున్నర మిల్లీలీటర్లు, చుక్కల మందులో ఐదే ఐదు చుక్కలు. సిరంజిలో ‘రెండున్నర’ అని అలవాటుపడ్డ చెయ్యి చుక్కల సీసాలోంచి రెండున్నర లాగితే పదింతలు లాగినట్టు. నిద్రకళ్లతో రాత్రి రెండింటికి పొయ్యబోయే మనిషికి ఈ తేడా కనబడాలంటే సంఖ్య పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదవాలి.

1937 గురించి చెప్పాల్సింది ఒకటి మిగిలింది. పారిస్‌లో గినీ పిగ్‌లు బతికిన అదే ఏడాది శరత్కాలంలో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందుని తాగడానికి వీలుగా ద్రవంగా చెయ్యాలనుకుంది. దాన్ని కరిగించడానికి డైఇథిలీన్ గ్లైకాల్ వాడి, రాస్ప్‌బెర్రీ రుచి కలిపి ‘ఎలిగ్జిర్’ అని అమ్మింది. ఆ ద్రావకం తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలని చంపేస్తుంది. వందమందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మందు అమ్మేముందు విషమో కాదో చూడాలన్న చట్టమే అప్పటికి లేదు. సారాయి లేనిదాన్ని ఎలిగ్జిర్ అన్నారన్న సాకుతో ప్రభుత్వం ఆ సీసాల్ని పట్టుకోవాల్సి వచ్చింది. 1938లో కొత్త చట్టం వచ్చింది.

విషం మాత్రం పోలేదు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఖరీదైనవి, డైఇథిలీన్ గ్లైకాల్ చవక, చూపుకి మూడూ ఒకటే. ముడిసరుకు డ్రమ్ముని పరీక్షించకుండా వాడితే తేడా పిల్లవాడి మూత్రం ఆగిపోయాకే తెలుస్తుంది. 2022లో గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు చనిపోయినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేలెత్తి చూపిన నాలుగు భారతీయ సిరప్‌లలో ఒకటి ప్రోమెథజైన్ ద్రవం. అదే ఏడాది ఇండోనేషియాలో రెండు వందల మందికి పైగా పిల్లలు పోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతంలో ఇరవైమందికి పైగా పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ సిరప్‌లో కూడా లేబుల్ మీద క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. తమిళనాడు ప్రయోగశాల పరీక్షలో అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. సీసాలో సగం. చంపినది యాంటీహిస్టమిన్ కాదు. కానీ ఆ పిల్లల్లో చాలామందికి వచ్చింది మందు లేకుండానే వారంలో తగ్గిపోయే జలుబు. జలుబు దించడంలో యాంటీహిస్టమిన్‌కి పెద్ద పాత్ర లేదు. అవసరం లేని సీసా ఇంట్లోకి రావడమే మొదటి తప్పు.

సింగపూర్‌లో మందులు మూడు మెట్ల మీద ఉంటాయి: డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చేవి, ఫార్మసిస్టు చేతిమీదుగా తీసుకునేవి, అరలోంచి ఎవరైనా తీసుకోగలిగేవి. పిల్లల అలర్జీ ద్రవాలు చాలావరకు మధ్యమెట్టు మీదివి. ఫార్మసిస్టు వయసు అడుగుతాడు, బరువు అడుగుతాడు, ఇంకేం వాడుతున్నారని అడుగుతాడు. కొత్తగా వచ్చిన మనవాళ్లకి ఆ ప్రశ్నలు విసుగు పుట్టిస్తాయి. మెడికల్ షాపులో ‘జలుబుకి ఏదన్నా ఇవ్వండి’ అంటే కత్తిరించి ఇచ్చే ఊరినుంచి వచ్చాం మరి. అందుకే సూట్‌కేసుల్లో సీసాలు వస్తాయి. సొంత వాడకానికి మూడు నెలలకి సరిపడా మందులు తెచ్చుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది, కోడీన్ లాంటివి ఉన్న దగ్గు మందులకైతే ముందే అనుమతి కావాలి. తెచ్చుకున్నా ఓ సంగతి గుర్తుంచుకోవాలి. బెనడ్రిల్ అని మన దేశంలో అమ్మే దగ్గు మందులో ఉండేది పాతతరం డైఫెన్‌హైడ్రమిన్. బ్రిటన్‌లో పిల్లల అలర్జీకని అదే పేరుతో అమ్మే సీసాలో ఉండేది సెటిరిజిన్. ఒకే పేరు, రెండు తరాలు. లండన్ అక్క చెప్పిన మోతాదు విజయవాడ సీసాకి పనికిరాదు.

సిరప్ చెయ్యలేని పని ఒకటుంది, అది ఇక్కడి పిల్లల డాక్టర్లకి బాగా తెలుసు. 1990ల్లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ ఆస్పత్రిలో పిల్లలకి తిండి వల్ల వచ్చిన అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) కేసులని లెక్కపెడితే అగ్రస్థానంలో వచ్చింది వేరుశనగ కాదు, పక్షిగూడు సూప్. చైనీయుల ఇళ్లలో బలానికని పిల్లలకి పోసే, పిచ్చుకలాంటి పక్షి ఉమ్మితో కట్టిన గూటి సూప్. ఒంటినిండా దద్దుర్లతో పాటు గొంతు పూడుకుపోయినా, ఊపిరి ఈలవేసినా, పిల్లవాడు వాంతులు చేసుకుని వడలిపోయినా అప్పుడు కావాల్సింది తొడలోకి అడ్రినలిన్ సూది. యాంటీహిస్టమిన్ నోట్లోంచి రక్తంలోకి చేరడానికే చాలాసేపు పడుతుంది, చేరినా పడిపోయిన రక్తపోటుని లేపలేదు. సిరప్ పోసి చూద్దాం అని ఎదురుచూసిన సమయమే ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడ అంబులెన్సు నంబరు 995.

ఈ మందుల ఆయుష్షు ఇంకా నడుస్తూనే ఉంది. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ అలర్జీ సంస్థ పత్రికలో కొందరు అమెరికా నిపుణులు డైఫెన్‌హైడ్రమిన్‌కి ఇక వీడ్కోలు చెప్పాలని, చీటీ లేకుండానూ చీటీతోనూ అమ్మకం ఆపేయాలని రాశారు. అప్పటికి దానికి అమ్మకంలో 79వ ఏడు. అదే ఏడాది మే నెలలో ఎఫ్‌డీఏ కొత్తతరం మీద కూడా ఒక హెచ్చరిక జారీ చేసింది. సెటిరిజిన్‌నీ దాని తమ్ముడు లెవోసెటిరిజిన్‌నీ నెలల తరబడి, ఏళ్ల తరబడి రోజూ వాడి ఒక్కసారి ఆపేసినవాళ్లలో అరుదుగా భరించలేని దురద వస్తోందట. 2017 నుంచి 2023 మధ్య ప్రపంచం మొత్తం మీద లెక్కకొచ్చిన కేసులు 209. అంతకుముందు దురద ఎరగనివాళ్లకి కూడా, ఒళ్లంతా. మళ్లీ మందు మొదలుపెట్టి కొద్దికొద్దిగా మోతాదు దించుకుంటూ వస్తే కొందరికి తగ్గింది. పన్నెండు నెలలూ డస్ట్ మైట్ ఉండే ఊళ్లో ఏళ్ల తరబడి వాడేవాళ్లు తక్కువేం కాదు. పిల్లవాడికి రోజూ పోస్తున్నవాళ్లు ఆపాలనుకున్నప్పుడు డాక్టరుని ఒక మాట అడిగి ఆపడం మంచిది.